చింతపిక్కకు వంతు లేదు

మా మామ మాల్యాద్రికి దేవుడి మీద ఎంత నమ్మకమో నాకు తెలియదు గానీ, వంతు మీద ఉన్న నమ్మకం మాత్రం ఊరంతటికీ తెలుసు. మాది రాచర్ల మండలం. ఎండాకాలం వస్తే చాలు, మా గొర్రెల మందను తమ చేలో నిలపమని రైతులు ఇంటి చుట్టూ తిరుగుతారు. పొద్దుగూకే వేళకు మందను చేలోకి తోలి తెల్లారేదాకా అక్కడే పడుకోబెడితే, ఆ పెంటికలే ఎరువు. దాన్ని మంద కట్టడం అంటారు. ఎవరి చేలో ఎప్పుడు కట్టాలన్నది మామ నోటిలెక్క. ఒకసారి వంతు అయిపోయినవాడు మిగతా అందరి వంతులూ అయ్యేదాకా ఆగాల్సిందే. సర్పంచ్ వచ్చి కుర్చీలో కూర్చుని టీ తాగి అడిగినా ఇదే మాట చెప్పి, గ్లాసు వెనక్కి తీసుకుని పంపించేవాడు.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన కొడుకు వెంకటకృష్ణనే నేను చేసుకున్నాను. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. మంచివాడే గానీ తండ్రి ముందు నోరు విప్పడు. ఆ లోటు తీర్చడానికే దేవుడు నాకు రెండు నోళ్ళిచ్చాడని మా అత్త అలివేలమ్మ అంటుంది.

మాకు మొదట పుట్టింది మల్లి. పిలిస్తే పలికేది కాదు. మొండిది అనుకున్నాం. తాతకు తగ్గ మనవరాలు అని నవ్వుకున్నాం కూడా. మాటలు ఆలస్యమవుతుంటే, మా ఇంట్లో అందరికీ లేటుగానే వచ్చాయిలే అని అత్త సర్ది చెప్పింది. అంగన్‌వాడీ టీచర్ పట్టుబట్టి కర్నూలు పంపిస్తే, పిల్లకు పుట్టుకతోనే వినపడదని అక్కడ తేలింది. అప్పటికి దానికి మూడేళ్ళు దాటాయి. చంటితనంలోనే తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసి యంత్రం పెట్టేవాళ్ళమని, ఆ వయసు దాటితే మెదడుకు శబ్దం అలవాటు కావడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

తర్వాత మా ఇద్దరి రక్తాలూ పరీక్షకు పంపారు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉందని, దగ్గరి సంబంధాల్లో ఇలా జరుగుతుంటుందని, పుట్టే పిల్లల్లో నలుగురిలో ఒకరికి ఇలా రావచ్చని చెప్పారు. డాక్టరమ్మ ఇంకా ఏదో చెప్పింది గానీ, ఆ నలుగురిలో ఒకరు అన్న మాట దగ్గరే మామ ఆగిపోయాడు. తిరుగు బస్సులో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని నా వైపు తిరిగాడు.

"నలుగురిలో ఒకరికంట గదా కావ్యా. మన వంతు అయిపోయిందిలే. ఇంక ముగ్గురి దాకా భయం లేదు."

ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మనిషికి ఆ మాట పెరుగన్నంలా చల్లగా దిగింది. బావ కూడా తల ఊపాడు. మేం అందరం దాన్ని నమ్మి, పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఇంటికి వచ్చాం.

మల్లి ఇప్పుడు ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అక్కడ చేతులతో మాట్లాడడం నేర్పుతారు. సెలవులకు వచ్చినప్పుడల్లా మాకూ నేర్పుతుంది. నేర్చుకోకపోతే తల మీద మొట్టికాయ వేస్తుంది. మామకు వచ్చిన సైగలు పట్టుమని పది ఉండవు, ఆ పదితోనే మనవరాలితో గంటలు గంటలు కబుర్లు చెబుతాడు. వాళ్ళిద్దరూ అష్టాచెమ్మా ఆడుతుంటే ఇంట్లో ఎవరికీ అన్నం గుర్తుండదు. నాలుగు చింతపిక్కలు తీసుకుని, ఒక్కో పక్క రాయి మీద తెల్లగా అరగదీసి, అవి వేసి పందెం చూసుకుంటారు. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు. అన్నీ తెల్లవైతే చెమ్మ, అన్నీ నల్లవైతే అష్ట. ఓడిపోయేటప్పుడు మామ గళ్ళు తప్పుగా నడుపుతాడు. మల్లి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి జరుపుతుంది.

మళ్ళీ నెల తప్పింది. గిద్దలూరులో చూపించుకుంటే, మల్లి సంగతి విన్న నర్సమ్మ కార్డు మీద ఎర్ర పెన్నుతో రాసి మరీ చెప్పింది. "పుట్టినాక నెలలోపలే ఒంగోలు తీసకపోయి చెవులు పరీక్ష చేయించండి. లోపం ఉంటే ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది."

ఆ మాట ఇంట్లో చెప్పగానే మామ మొహం మాడ్చుకున్నాడు.

"వంతు అయిపోయినోళ్ళకు మళ్ళా పరీక్ష ఏంది? కడుపులో బిడ్డ పడీపడకముందే కీడు శంకిస్తారా? నెల బిడ్డను ఎండలో ఒంగోలు దాకా తిప్పుతారా?"

అంతే. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బావ వైపు చూశాను. బావ గొర్రెల వైపు చూశాడు.

నాకేమో లోపల పురుగు తొలచడం మొదలైంది. మామ మాట నిజమైతే బాగుండునని ఎంత ఉన్నా, నర్సమ్మ ఎర్ర పెన్ను కళ్ళ ముందు నుంచి పోలేదు. ఈ బిడ్డకూ వినపడకపోతే? మేం వంతు అయిపోయిందని కూర్చుంటే, దీనికీ మల్లిలాగే వేళ దాటిపోతే? ఇది తప్ప నాకు ఆ రోజుల్లో వేరే ఆలోచన లేదు.

అలాంటి సమయంలో మా ఇంటికి దయామణి టీచర్ వచ్చారు. మా హైస్కూల్లో లెక్కల టీచర్. గిద్దలూరు నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తారు. నాకు పదో తరగతి చెప్పింది ఆమే. ఏటా మా దగ్గర కొత్త చింతపండు తీసుకుంటారు. ఏటా ఇంకో పని కూడా ఉంటుంది. వాళ్ళాయన పాల్ రాజు గారికి మా ఊరి పొలిమేరలో ఎకరం చేను ఉంది. అందులో మంద కట్టమని అడుగుతారు. వంతులన్నీ నిండిపోయాయని మామ అంటాడు. వచ్చే ఏడు చూద్దాంలే అని ఆమె నవ్వుతారు. అది వాళ్ళిద్దరికీ ఏటా జరిగే ఆచారం.

అత్తా నేనూ వాకిట్లో కూర్చుని చింతపండు కొట్టి పిక్కలు తీస్తున్నాం. పిక్కలు ఒక పక్క కుప్పగా పడున్నాయి. ఏదో పండక్కి సెలవులిస్తే మల్లి ఇంట్లోనే ఉంది. మామ అరుగు మీద దానితో అష్టాచెమ్మా ఆడుతున్నాడు. టీచర్ మంద సంగతి అడగడం, మామ కాదనడం అయ్యాక, నేనింక ఆగలేకపోయాను. మామ వింటున్నాడని తెలిసే, గొంతు పెంచి మరీ అడిగాను.

"టీచర్, నలుగురిలో ఒకరికి అంటే, ఒకరికి వచ్చేసినాక మిగతా ముగ్గురికీ రాదనేనా?"

టీచర్‌కు సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకసారి నా కడుపు వైపు, ఒకసారి మల్లి వైపు చూశారు. చెప్పులు విడిచి అరుగెక్కి మామకు ఎదురుగా కూర్చున్నారు.

"మాల్యాద్రన్నా, ఇప్పుడు నీకు చెమ్మ పడిందనుకో. మళ్ళా చెమ్మ పడాలంటే మిగతా పందేలన్నీ పడేదాకా ఆగాల్నా?"

మామ ఆమెను జాలిగా చూశాడు. "ఇదేం మాటమ్మా, లెక్కల టీచరువు. పడితే ఎంటనే పడతాది. నిన్న ఈ పిల్లముండకు వరసగా చెమ్మ మీద చెమ్మ పడి నా కాయలన్నీ చంపింది. లేదంటే పొద్దుగూకినా పడదు."

"మరి వంతు లేదా దానికి?"

"పిక్కకు వంతు ఏంది? అది గొర్రెల మందా? దానికేం తెలుసు ముందేం పడిందో."

"ఆ మాట నువ్వే అన్నావు, గుర్తుపెట్టుకో" అని టీచర్ కొంగు దోపుకున్నారు. నాకు పదో తరగతి గుర్తొచ్చింది. బోర్డు దగ్గరికి వెళ్ళే ముందు ఆమె ఎప్పుడూ అలాగే చేసేవారు.

ఆట పిక్కల్లోంచి రెండు తీసుకున్నారు. మామ వెంటనే అడ్డుపడ్డాడు. అందులో ఒకదానికి పొట్ట ఉందని, అది ఎక్కువసార్లు తెల్లగానే పడుతుందని, న్యాయం కాదని చెప్పి, రెండు పక్కలా సమానంగా ఉన్నవి ఏరి ఇచ్చాడు. టీచర్ మెచ్చుకున్నారు. ఏ పక్క పడడానికైనా సమానంగా వీలుంటేనే ఈ లెక్క సరిగ్గా వస్తుందట.

"ఇదిగో, ఇది మీ వెంకటకృష్ణ. ఇది కావ్య. నల్ల పక్క మంచిది, తెల్ల పక్క లోపం. ఇద్దరిలోనూ రెండు పక్కలూ ఉండాయి. బిడ్డకు తండ్రి నుంచి ఒక పక్క, తల్లి నుంచి ఒక పక్క వస్తాది. ఏ పక్క వస్తాదో ఎవరి చేతుల్లోనూ లేదు. ఒక్క నల్లది వచ్చినా చాలు, చెవులు వినపడతాయి. రెండూ తెల్లవే పడితేనే కష్టం."

"అంటే మూడు రకాలు గదమ్మా పడేది" అంది అత్త, చింతపండు చేతులతోనే. "రెండు నల్లవి, రెండు తెల్లవి, ఒకటి నలుపు ఒకటి తెలుపు. మరి ముగ్గురిలో ఒకరు అనాల గదా, నలుగురంటారేంది?"

అదే ప్రశ్న నేను పదో తరగతిలో అడిగి, మూడో వంతు అని రాసి మార్కు పోగొట్టుకున్నాను. అత్తకూ నాకూ ఒక్క విషయంలోనైనా ఏకాభిప్రాయం ఉన్నందుకు సంతోషమేసింది.

"కావ్య పిక్కకు పసుపు బొట్టు పెట్టక్కా" అన్నారు టీచర్. అత్త లోపలికి వెళ్ళి పసుపు తెచ్చి, పేరంటానికి వచ్చిన ముత్తైదువకు పెట్టినంత శ్రద్ధగా చిన్న చుక్క పెట్టింది. "ఇప్పుడు చూడు. పసుపుది నలుపై రెండోది తెలుపు కావచ్చు. పసుపుది తెలుపై రెండోది నలుపు కావచ్చు. చూసేదానికి ఒకటే మాదిరుంటాయి గానీ, పిక్కలు పడే తీరులో అవి రెండు వేరు వేరు పాట్లు. ఇవి రెండు, రెండూ నల్లవి ఒకటి, రెండూ తెల్లవి ఒకటి. మొత్తం నాలుగు. నాలుగింటిలో ఒక్కటే చెడ్డది. డాక్టరమ్మ చెప్పింది అదే."

అంతటితో ఆగితే ఆమె దయామణి టీచర్ ఎందుకవుతుంది? పిక్కలు మల్లి చేతిలో పెట్టి వెయ్యమన్నారు. మల్లికి కథంతా తెలియదు, ఆట మాత్రం తెలుసు. వేసింది. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. మళ్ళీ వేసింది. రెండూ తెలుపు.

"అదిగో, వంతు అయిపోయింది" అన్నారు టీచర్. "ఇంక మూడు పాట్ల దాకా తెల్లవి రాకూడదు గదా అన్నా? వెయ్యి తల్లీ."

మల్లి వేసింది. నాపరాయి మీద పిక్కలు టపటపమని దొర్లి ఆగాయి. మళ్ళీ రెండూ తెలుపే. మల్లి చప్పట్లు కొట్టి నవ్వింది. దాని లెక్కలో తెల్లవి పడడం గెలుపు. మా ఎవరికీ నవ్వు రాలేదు. మామ పిక్కలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇందాక తను అన్న మాటే తనకు అడ్డం వచ్చింది.

ఆ తర్వాత ఇంకా చాలా పాట్లు వేశారు. ఒక్కోసారి తెల్లవి ఎంతకీ రాలేదు. ఒక్కోసారి వెంటవెంటనే వచ్చాయి. వేసేకొద్దీ మొత్తం మీద నాలుగో వంతుకు దగ్గరగా వస్తుందని, అయితే ఈసారి ఏం పడుతుందో ముందు పడినవి చెప్పలేవని, దీన్నే పుస్తకంలో సంభావ్యత అంటారని టీచర్ చెప్పారు. పదో తరగతిలో నాణెం, పాచిక అని బట్టీపట్టి రాసి మరిచిపోయిన ఆ పాఠం, నా కడుపులో కాళ్ళతో తన్నుతున్న బిడ్డ గురించి అని నాకు ఆ రోజుదాకా తెలియదు.

"అంటే ఈ బిడ్డకు కూడా వస్తాదంటావా అమ్మా?" అన్నాడు మామ. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"వస్తాదనలేదన్నా. నాలుగింట మూడు పాళ్ళు బాగుండేదానికే వీలుంది. నేనూ అదే ప్రార్థన చేస్తా. కానీ రాదని మాత్రం చెప్పలేను. చెప్పలేనప్పుడు చూసుకోవాల. అంతే."

అత్త కళ్ళొత్తుకుంది. "మనింట్లో మనమే ఇచ్చి చేసుకున్నాం. అదేనా మేం చేసిన తప్పు?"

"తప్పు ఎవరిదక్కా? తెలిసి ఎవరైనా చేస్తారా? ఇప్పుడు తెలిసింది గదా, ఇప్పుడు చెయ్యాల్సింది చూడండి" అని టీచర్ ఆమె చింతపండు చేతిని అలాగే పట్టుకున్నారు. ఆటో హారన్ వినపడేదాకా వదల్లేదు.

మామ పిక్కలు రెండూ తీసుకుని మొలతాడుకు కట్టుకునే చిన్న సంచిలో వేసుకున్నాడు.

రోహిణి కార్తె ఎండల్లో మార్కాపురంలో కొడుకు పుట్టాడు. ఎర్రగా, బొద్దుగా, ఏడిస్తే వార్డంతా లేచేలా. ఇంటికి తెచ్చిన వారానికి అత్త స్టీలు పళ్ళెం తెచ్చి ఉయ్యాల పక్కన గరిటెతో ఠంగుమని కొట్టింది. బిడ్డ ఉలిక్కిపడి కెవ్వుమన్నాడు.

"వినపడింది! నా తండ్రికి వినపడింది!" అని అత్త దిష్టి తీసింది. బావ మొహం వెలిగిపోయింది. ఇరుగమ్మ పొరుగమ్మ వచ్చి చక్కెర తిని వెళ్ళారు. ఇంక ఒంగోలు ప్రయాణం ఎందుకన్న మాట మెల్లగా ఇంట్లో తిరగడం మొదలైంది. వానలు పడేలోపు మంద కట్టించుకోవాలని రైతులు తొందరపెడుతున్నారు. బావ మందను వదిలి రాలేనన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బాలింతనని కూడా చూసుకోకుండా లేచి నిలబడ్డాను. "మల్లి కూడా ఉలిక్కిపడింది గదా అత్తా! ఇదే పళ్ళెం, ఇదే గరిటె! ఉయ్యాల అదిరితే ఏ బిడ్డయినా ఉలిక్కిపడతాది. ఒక్క పళ్ళేన్ని నమ్మి ఒక బిడ్డకు మూడేళ్ళు పోగొట్టినాం. చాలదా?"

మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మొలలోంచి సంచి తీసి, ఆ రెండు పిక్కలు నాపరాయి మీద వేశాడు. రెండూ నల్లగా పడ్డాయి. పసుపు చుక్క మాసిపోయినా ఇంకా కనపడుతోంది.

"చూసినావా, మంచి శకునం" అంది అత్త.

"శకునం లేదు ఏం లేదు" అన్నాడు మామ. "ఇది నేను ఇప్పుడు వేసిన పాటు. వాని పిక్కలు వాడు కడుపులో పడిననాడే పడిపోయినాయి. నలుపో తెలుపో అప్పుడే అయిపోయింది. మనం చూడలేదు, అంతే." లేచి తలగుడ్డ దులుపుకుని కట్టుకున్నాడు. "క్రిష్ణా, నువ్వు మంద కాడికి పో. కావ్యా, బిడ్డను కట్టుకో. పోయి చూద్దాం పద."

ఆ మాట ఆయన నోట విన్నందుకు, నేను వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాలనుకున్నాను. కుట్ల వల్ల వంగలేకపోయాను. ఆయనకు అర్థమైంది, పొమ్మన్నట్టు చెయ్యి విసిరాడు.

ఒంగోలులో బిడ్డ నిద్రపోతుండగా తలకు వైర్లు అంటించి పరీక్ష చేశారు. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను తెలిసిన దేవుళ్ళందరినీ మొక్కి, అయిపోయాక టీచర్ దేవుడిని కూడా మొక్కాను. డాక్టరు కాగితం చూసి, కళ్ళద్దాలు తీసి, మెల్లగా మొదలుపెట్టారు. ఆయన మాట పూర్తికాకముందే మామ తల వంచుకున్నాడు.

"రెండూ తెల్లవే" అన్నాడు.

నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి, బిడ్డను గుండెకు హత్తుకుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచేయకుండా ఏడ్చాను. డాక్టరు ఏడవనిచ్చారు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"అమ్మా, నా దగ్గరకు రెండేళ్ళు, మూడేళ్ళు దాటినాక వస్తారు. నెల నిండకుండా తెచ్చినోళ్ళు చాలా తక్కువ. ముందు చెవికి మిషను పెడదాం. ఏడాది దగ్గరపడేలోపు ఆపరేషన్‌కు విజయవాడ పంపిద్దాం, ప్రభుత్వ పథకం కింద అవుతుంది. వీడికి బోలెడు టైముంది. మీకు ఎవరు చెప్పారు ఇంత తొందరగా తేవాలని?"

"మా టీచరమ్మ" అన్నాడు మామ, నాకంటే ముందు.

ఊరికి చేరేసరికి సాయంత్రమైంది. బస్సు దిగి మామ ఇంటికి రాలేదు. నన్నూ బిడ్డనూ ఆటో ఎక్కించి, నేరుగా మంద దగ్గరికి నడిచాడు. ఆ రోజు వంతు వెంకటసుబ్బులమ్మది. మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటున్న మనిషి, మాట పడే రకం కాదు. మంద తన చేను దాటి పొలిమేర వైపు మళ్ళడం చూసి చేతికర్రతో అడ్డం వచ్చిందట. ఇదంతా తర్వాత బావ నవ్వుతూ చెప్పాడు.

"ఏంది మాల్యాద్రీ, వంతు నాది గదా? ఏడికి తోలుకపోతాండావు?"

"దయామణి టీచరమ్మ చేనుకు."

"ఆమెకు వంతే లేదు గదా! ఇన్నేండ్లలో నువ్వు వంతు తప్పేది నేను చూడలా!"

మామ మందను ఆపలేదు. "లేదు. వంతు కాదు ఇది. నీకు రేపు కడతాలే సుబ్బులమ్మా, నా మీద కోపం చేసుకోవద్దు. చింతపిక్కకు ముందు జరిగింది గుర్తుండదంట. మనిషికుంటాది గదా."

సుబ్బులమ్మకు ఆ పిక్కల గొడవ ఏమీ తెలియదు. కానీ ఆయన మొహం చూసి పక్కకు తప్పుకుందట. కథంతా తెలిశాక, ఒక్కరోజు చాలదు, ఇంకో రోజు కూడా అక్కడే కట్టు అందట. ఆ తర్వాత ఆమె ఎప్పుడు ఎదురుపడినా మొదట నేనే పలకరిస్తాను.

పొద్దున చేను నిండా పెంటికలు చూసి టీచర్ బడికి పోకుండా ముందు మా ఇంటికే వచ్చారు. వేళాకోళం ఆడడానికి నోరు తెరిచి, నా మొహం చూసి విషయం గ్రహించి, అలాగే గుమ్మంలో నిలబడిపోయారు. బిడ్డ ఆ మూడు పాళ్ళలోనే ఉండాలని ప్రార్థించానే అని కంటతడి పెట్టుకున్నారు. ఆమెను నేనే ఓదార్చాల్సి వచ్చింది. "మీ ప్రార్థన వినపడింది టీచర్. మీరు చెప్పకపోతే మేం ఇప్పుడు పళ్ళేలు మోగించుకుంటా కూర్చోనుంటాం" అన్నాను. నా జీవితంలో ఒకరికి థాంక్స్ చెప్పడానికి మాట వెతుక్కున్నది ఆ ఒక్కసారే, అది కూడా సరిగ్గా దొరకలేదు.

ఆ ఏడాదంతా తిరుగుడే. చెవికి మిషను, ఒంగోలు, విజయవాడ, మళ్ళీ ఒంగోలు. ఆపరేషన్ బాగా జరిగింది. కొన్ని వారాలకు చెవి వెనక యంత్రం, తల మీద రూపాయి బిళ్ళంత చక్రం అతికించి స్విచ్ వేశారు. మామ దాని కోసమే మాతో విజయవాడ వచ్చాడు. స్విచ్ వేయగానే బిడ్డ తాతా అంటాడని ఎవరు చెప్పారో ఏమో, ఎదురుగా నిలబడి కాచుకున్నాడు. వాడు బిక్కమొహం వేసి, తర్వాత గుక్కపట్టి ఏడ్చాడు. శబ్దం అంటే ఏమిటో వాడికింకా తెలియదు, రోజూ వినిపిస్తుంటే మెల్లగా అలవాటు పడతాడని చెప్పారు. ఇంటికొచ్చాక అత్త మంత్రంలా పేరు పెట్టి పిలిచేది. బావ గొర్రె మెడలో గంట విప్పి తెచ్చి మోగించేవాడు. వాడు తన బొటనవేలు తను చీక్కుంటూ మా ఆత్రమంతా వింతగా చూసేవాడు.

ఎండాకాలం సెలవులకు మల్లి వచ్చింది. తమ్ముడి తల మీద చక్రం చూసి, తీసి, మళ్ళీ పెట్టి, అది టక్కున అతుక్కోవడం చూసి తెగ నవ్వింది. తనకు లేదే అని సైగ చేస్తుందేమోనని నేను భయపడ్డాను. అది అలా చేయలేదు. వాడి బుగ్గ మీద ముద్దు పెట్టి తాతను ఆటకు పిలిచింది.

ఆ సాయంత్రం టీచర్ చింతపండుకు వచ్చి ఉన్నారు. అత్త తూకం వేస్తోంది. నేను సంచి పట్టుకున్నాను. అరుగు మీద తాతామనవరాళ్ళ ఆట. బిడ్డ అటు చివర గోడ వైపు తిరిగి, చీమల బారును వేలితో పొడుస్తూ కూర్చున్నాడు. మామ పిక్కలు వేశాడు. నాపరాయి మీద టపటపమని దొర్లాయి.

మేమెవరం చూడలేదు. చూసింది మల్లి. కాయ జరపబోయిన చెయ్యి గాల్లోనే ఆపింది. తాత తొడ మీద గట్టిగా కొట్టి, తమ్ముడిని చూపించి, తన చెవి మీద వేలుతో రెండుసార్లు తట్టుకుంది. వాడు మెడ తిప్పి చూస్తున్నాడు. పిక్కల వైపు.

మామ పిక్కలన్నీ ఏరి, వాడు మళ్ళీ చీమల వైపు తిరిగేదాకా ఆగి, వేశాడు. వాడు మళ్ళీ తిరిగాడు. ఈసారి నవ్వాడు.

పందెం ఎంత పడిందో ఎవరూ చూడలేదు. అత్త తక్కెడ పక్కన పెట్టేసింది. టీచర్ కళ్ళు మూసుకుని ఏదో అనుకుంటున్నారు. నేను మల్లిని ఒళ్ళోకి లాక్కున్నాను. అది నా పట్టు విడిపించుకుని, వినపడనివాళ్ళం మేమే అన్నట్టు, మా ఒక్కొక్కరి ముందుకూ వెళ్ళి అదే సైగ చేసి చెబుతోంది. వాడికి వినపడింది. వాడికి వినపడింది.